వాల్యూం పెంచినందుకు కాలిపోలేదు

(ఇంట్లో తయారుచేసిన వాల్వు గిటార్ ఆంప్లిఫయర్: పనిచేసే తీరు, లోపం పట్టుకునే పద్ధతి)

– పూర్వ విద్యార్థి, 1998 పదో తరగతి బ్యాచ్



ఈసారి వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని వార్డెన్ గారు ఫోను చేసినప్పుడు, ఏం రాయాలా అని నేను ఆలోచించలేదు. రాయవలసింది ఒకటి బాకీ ఉంది. 2024 ఫిబ్రవరిలో జరిగిన మన వార్షికోత్సవం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ సాయంత్రం తొమ్మిదో తరగతి తమ్ముడొకడు స్టేజీ మీద గిటారు వాయిస్తుండగా ఆంప్లిఫయర్ గరగరమని, కాసేపటికి ఆగిపోయింది. కింద కూర్చున్నవాళ్లు ఈలలు వేశారు. "వాల్యూం ఫుల్లు పెట్టి కాల్చేశాడు" అని ఎవరో అన్నారు. ఆ మాటే హాస్టల్ అంతా నిలబడిపోయింది. ఆ పిల్లవాడు మర్నాటి నుంచి గిటారు ముట్టలేదని తరవాత తెలిసింది.

ఆ ఆంప్లిఫయర్ తయారుచేసింది నేను. అది ఎందుకు ఆగిపోయిందో నాకు తెలుసు. ఊరికే "వాడి తప్పు కాదు" అంటే పెద్దవాడు వెనకేసుకొస్తున్నాడు అనుకుంటారు. అందుకని అది ఎలా పనిచేస్తుందో మొదటి నుంచి చెబుతాను. చివరికి వచ్చేసరికి తప్పు ఎవరిదో మీరే లెక్క కట్టి చెప్పగలరు. పదో తరగతి భౌతికశాస్త్రంలోని ఓమ్ నియమం వస్తే చాలు.

గిటారుకు ఆంప్లిఫయర్ ఎందుకు?

చాలా ఎలక్ట్రిక్ గిటార్లకు మామూలు గిటారులా బోలుగా ఉండే పెట్టె ఉండదు. తీగెల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటాయి. దీన్ని పికప్ అంటారు. ఉక్కు తీగె కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కాయిల్‌లో విద్యుత్తు పుడుతుంది. మీరు పాఠంలో చదివే ఫారడే నియమమే ఇది. పుట్టేది మాత్రం మిల్లీవోల్టుల్లోనే. దాంతో స్పీకరు కదలదు. ఆ చిన్న ఊపును పెద్ద ఊపుగా మార్చేదే ఆంప్లిఫయర్.

ఈ పని ఇప్పుడు ట్రాన్సిస్టర్లు, ఐసీలు చేస్తున్నాయి. అవి రాకముందు వాల్వులు చేసేవి. మన తాతల కాలం రేడియోల్లో వెనక అట్ట తీస్తే ఎర్రగా మినుకుమినుకుమనే గాజు బుడ్లు అవే. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఒకప్పుడు వీటిని తయారుచేసేది. రేడియోల్లోంచి వాల్వులు వెళ్లిపోయినా, గిటారు వాయించేవాళ్లు మాత్రం వదల్లేదు. కారణం ఏమిటంటే, శక్తికి మించి వాయించినప్పుడు వాల్వు ధ్వని తరంగం కొనను ఒక్కసారిగా కోసేయదు, కాస్త గుండ్రంగా వంచుతుంది. ఆ బొంగురుతనం చెవికి ఇంపుగా ఉంటుంది. అందుకే స్లొవేకియా, రష్యా, చైనా దేశాల్లో నేటికీ వాల్వులు తయారవుతున్నాయి.

నేను కట్టింది కొత్తగా కనిపెట్టిన సర్క్యూటు కాదు. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950ల చివర్లో తెచ్చిన "ఛాంప్" అనే చిన్న ఆంప్లిఫయర్‌ది. దాన్ని 5ఎఫ్1 సర్క్యూటు అంటారు. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ గురించి మీరు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆయన 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్న మనిషి. గిటారు వాయించడం ఆయనకు రాదు. రిపేరుకొచ్చిన సామాను విప్పి, ఎక్కడ చెడిపోతోందో చూసి, చెడిపోకుండా ఎలా చేయాలో ఆలోచించి అంత పైకి వచ్చాడు. బస్టాండు దగ్గర రిపేరు షాపు నడిపే నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా ధైర్యంగా ఉంటుంది.

వాల్వు అంటే చెరువు తూము

వాల్వును అర్థం చేసుకోవడానికి మన ఊరి చెరువు చాలు. చెరువు నిండా నీళ్లున్నాయి. తూము తలుపు కొద్దిగా ఎత్తితే కాలువలో కొద్ది నీళ్లు, ఇంకాస్త ఎత్తితే చాలా నీళ్లు. తలుపు ఎత్తడానికి ఒక మనిషి బలం చాలు. పారే నీటి బలం మాత్రం వంద మనుషులది.

వాల్వులో గాలి తీసేసిన గాజు బుడ్డి లోపల కాథోడ్ అనే గొట్టం ఉంటుంది. దాన్ని హీటరు వేడిచేస్తే ఎలక్ట్రాన్లు వెలువడతాయి. చుట్టూ ప్లేటు ఉంటుంది. దానికి మూడు వందల పైచిలుకు పాజిటివ్ వోల్టులు ఇస్తే ఎలక్ట్రాన్లు అటు పరుగెత్తుతాయి. ఇదే చెరువు నీరు. రెంటికీ నడుమ సన్నటి తీగెతో చుట్టిన జల్లెడ లాంటి గ్రిడ్డు ఉంటుంది. ఇదే తూము తలుపు. కాథోడ్ కంటే గ్రిడ్డు ఎంత నెగటివ్‌గా ఉంటే తలుపు అంత మూసుకున్నట్టు. గ్రిడ్డు మీద గిటారు ఊపు పడితే తలుపు పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటే ప్లేటు కరెంటులో పెద్దదై కనిపిస్తుంది. 1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేస్తే, 1906లో లీ డి ఫారెస్ట్ మధ్యలో ఈ మూడోదాన్ని చేర్చాడు. రేడియో, సినిమా మాటలు, మైకు సెట్లు అన్నీ బాగా విస్తరించింది దాని తరవాతే.

ఒక మాట ఇక్కడ బాగా గుర్తుపెట్టుకోండి. తూము తలుపు "నిలకడగా ఉండే ఎత్తు" వేరు, అక్కడి నుంచి అది "ఆడే ఆట" వేరు. వాల్యూం బటన్ ఆటను మాత్రమే పెంచుతుంది. నిలకడ ఎత్తును మార్చలేదు. ఈ వ్యాసం అంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

సర్క్యూటులో ఊపు నడిచే దారి

ఛాంప్‌లో మూడే వాల్వులు. 12ఏఎక్స్7 అనేదాంట్లో ఒకే బుడ్డిలో రెండు వాల్వులుంటాయి. గిటారు ఊపు మొదట 68 కిలో ఓముల రెసిస్టరు గుండా దీని మొదటి సగానికి వస్తుంది. అక్కడ సుమారు 30 రెట్లు పెరుగుతుంది. అక్కడి నుంచి 0.02 మైక్రోఫారడ్ల కెపాసిటరు గుండా (మేం మెకానిక్కులం కండెన్సరు అంటాం) వాల్యూం కంట్రోలుకు, దాని నుంచి రెండో సగానికి వెళుతుంది. మళ్లీ పెరిగి, ఇంకో 0.02 కండెన్సరు గుండా 6వీ6 అనే పెద్ద వాల్వు గ్రిడ్డును చేరుతుంది. స్పీకరును కదిలించే శక్తి ఇచ్చేది ఇదే. మొత్తం 5 వాట్లు. తక్కువనిపిస్తుంది కానీ మన హాస్టల్ హాలుకు ఎక్కువే.

ఈ కండెన్సర్ల పని ఏమిటి? ముందు వాల్వు ప్లేటు మీద సుమారు 170 వోల్టుల నిలవ డీసీ ఉంటుంది. తరవాతి గ్రిడ్డుకు ఆటను పంపాలి, ఈ నిలవ వోల్టేజీని మాత్రం ఒక్క చుక్క కూడా దిగనివ్వకూడదు. కండెన్సరు ఏసీని పంపి డీసీని ఆపుతుంది కాబట్టి ఆ పని దానికి అప్పగిస్తారు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

6వీ6 ప్లేటు దగ్గర వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ. స్పీకరుకు కావలసింది దీనికి తలకిందులు. అందుకే మధ్యలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు 5000 ఓముల బరువును కోరుకుంటే, స్పీకరు 8 ఓములు. 5000ను 8తో భాగిస్తే 625. దాని వర్గమూలం 25. అంటే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి 25కి 1. మీ లెక్కల పుస్తకంలోని వర్గమూలం ఇంత సూటిగా ఉపయోగపడే చోటు ఇంకొకటి నేను చూడలేదు.

ఇక కరెంటు సరఫరా. 230 వోల్టుల మెయిన్సును ట్రాన్స్‌ఫార్మర్ 325-0-325 వోల్టులుగా మారుస్తుంది. దాన్ని 5వై3 అనే మూడో వాల్వు డీసీ చేస్తుంది. పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఆ డీసీలోని అలలను చదును చేస్తాయి. అమెరికా మెయిన్సు 120 వోల్టులు కాబట్టి అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ మనకు పనికిరాదు. నేను కొలతలిచ్చి చుట్టించుకున్నాను. మిగతా సామాను హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి కొన్నాను. నా ఖర్చులో సగానికి పైగా రెండు ట్రాన్స్‌ఫార్మర్లకే అయింది.

ముందు ప్రాణం, తరవాత పాట

తమ్ముళ్లూ, ఈ భాగం దాటవేయకుండా చదవండి. వాల్వు ఆంప్లిఫయర్‌లో 340 వోల్టుల డీసీ ఉంటుంది. అది మనిషిని చంపగలదు. స్విచ్ ఆపినా, ప్లగ్గు పీకినా కండెన్సర్లలో నిలవ ఉంటుంది. నేను ఐటీఐలో ఉన్న రోజుల్లో ఒకసారి డీసీ చేసే వాల్వు ఒక్కటి తప్ప మిగతా వాల్వులన్నీ పీకేసి వోల్టేజీ చూసి, స్విచ్ ఆపి, ఛాసిస్‌లో చెయ్యి పెట్టాను. వాల్వులు ఉంటే అవి చల్లబడేలోగా కండెన్సర్లను కొంత ఖాళీ చేస్తాయి. ఆ మిగతా వాల్వులు లేకపోతే ఆ విద్యుత్తు పోవడానికి దారి లేదు. నా చెయ్యే దారి అయింది. ఎగిరి గోడకు కొట్టుకున్నాను. కుడిచెయ్యి ఒక్కటే లోపల ఉంది కాబట్టి బతికాను. రెండు చేతులూ ఉంటే కరెంటు గుండె మీదుగా పోయేది.

అందుకని నా షాపులో పాటించే నియమాలు చెబుతాను.

ఒకటి. ఒంటరిగా ఈ పని చేయకూడదు. పని తెలిసిన పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

రెండు. మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, ఛాసిస్‌కు ఎర్తు గట్టిగా బిగించాలి. మోత తగ్గుతుందని ఎర్తు పిన్ను పీకేసేవాళ్లున్నారు. గిటారు తీగెలు ఛాసిస్‌కే కలిసి ఉంటాయి. లోపల ఏదైనా తెగి ఛాసిస్‌కు తగిలితే ఆ కరెంటు వాయించేవాడి వేళ్లలోకి వస్తుంది.

మూడు. మొదటి ఫిల్టరు కండెన్సరుకు అడ్డంగా 220 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టరు ఎప్పటికీ ఉండేట్టు టంకం వేయాలి. స్విచ్ ఆపాక అది నిమిషంలోపు కండెన్సర్లను ఖాళీ చేస్తుంది. అయినా మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి.

నాలుగు. పాత రేడియోల్లో మెయిన్సు ట్రాన్స్‌ఫార్మర్ లేనివి కొన్ని ఉండేవి. వాటిని ఏసీ/డీసీ సెట్లు అంటారు. వాటి ఛాసిస్‌కు మెయిన్సు తీగ నేరుగా కలిసి ఉంటుంది. అలాంటి రేడియోకు గిటారు తగిలించడం ఎప్పుడూ, ఎవరూ చేయకూడదు.

ఐదు. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయర్‌ను నడపకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

మొదటిసారి స్విచ్ వేసే పద్ధతి

కొత్తగా కట్టినదాన్ని నేరుగా మెయిన్సుకు పెట్టకూడదు. ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డు తీసుకుని, అందులో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు పెట్టాలి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. ఆంప్లిఫయర్‌ను దాని గుండా నడిపిస్తే, లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సామాను కాలదు. అంతా సవ్యంగా ఉంటే బల్బు మసకగా వెలుగుతుంది. అప్పుడు నేరుగా మెయిన్సుకు పెట్టి కొలతలు తీసుకోవాలి.

మీటరు నల్ల వైరు ఛాసిస్‌కు క్లిప్పుతో తగిలించి, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎర్ర వైరుతో ఒక్కో పిన్ను చూడాలి. సవ్యంగా ఉన్న నా సెట్టులో కొలతలు సుమారుగా ఇవి:

6వీ6 ప్లేటు (3వ పిన్ను) 340 వోల్టులు
6వీ6 స్క్రీను (4వ పిన్ను) 300 వోల్టులు
6వీ6 గ్రిడ్డు (5వ పిన్ను) 0
6వీ6 కాథోడ్ (8వ పిన్ను) 19 వోల్టులు
12ఏఎక్స్7 ప్లేట్లు (1, 6 పిన్నులు) 150 నుంచి 180 వోల్టులు
12ఏఎక్స్7 కాథోడ్లు (3, 8 పిన్నులు) 1 నుంచి 1.5 వోల్టులు

ఇందులో అన్నిటికంటే ముఖ్యం ఆ 19. కాథోడ్ కింద 470 ఓముల రెసిస్టరు ఉంది. 19ని 470తో భాగిస్తే 0.040 ఆంపియర్లు, అంటే 40 మిల్లీఆంపియర్లు. వాల్వు మీద పడే వోల్టేజీ 340 నుంచి 19 తీసేస్తే సుమారు 320. రెంటినీ గుణిస్తే 12.8 వాట్లు. స్క్రీను వాటా తీసేస్తే ప్లేటు మీద 12 వాట్లు. ఈ వాల్వు ప్లేటు భరించగలిగేది 12 నుంచి 14 వాట్లు. అంటే అది ఎప్పుడూ గట్టు అంచున నడుస్తుంటుంది. సర్క్యూటే అలాంటిది.

నాకు ఎదురైన మొదటి రెండు లోపాలు

స్విచ్ వేయగానే చెవులు చిల్లులు పడేలా కీచుమంది. గిటారు తగిలించకపోయినా అదే. ఇలాంటప్పుడు కనిపించిన ప్రతి భాగాన్నీ మార్చడం మొదలుపెడితే రోజు గడిచిపోతుంది. ఈ సర్క్యూటులో స్పీకరు దగ్గరి నుంచి 22 కిలో ఓముల రెసిస్టరు గుండా కొంత ఊపు వెనక్కి వచ్చి రెండో వాల్వు కాథోడ్‌లో కలుస్తుంది. అది అసలు ఊపుకు ఎదురుగా రావాలి, అప్పుడు శబ్దం శుభ్రపడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తీగెలు తారుమారైతే ఎదురు రావలసింది తోడుగా వస్తుంది. అప్పుడు తన శబ్దాన్ని తానే పెంచుకుంటూ అరుస్తుంది. స్విచ్ ఆపి ఆ 22 కిలో ఓముల రెసిస్టరు ఒక కొస ఊడదీసి మళ్లీ వేశాను. అరుపు ఆగింది. అనుమానం రుజువైంది. స్పీకరు వైపు తీగెలు రెండూ అటుదిటు మార్చి, రెసిస్టరు మళ్లీ టంకం వేస్తే సరిపోయింది.

రెండోది గుయ్‌మనే మోత. మోత ఎక్కడిదో చెవే చెబుతుంది. మన మెయిన్సు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. 5వై3 రెండు వైపులా డీసీ చేస్తుంది కాబట్టి దాని తరవాత మిగిలే అల సెకనుకు 100. మోత మరీ లోతుగా ఉంటే 50, అంటే హీటరు తీగెల నుంచో ఎర్తు తప్పు నుంచో వస్తోంది. కాస్త పైస్థాయిలో బుర్రుమంటే 100, అంటే ఫిల్టరు కండెన్సర్ల సంగతి చూడాలి. నాది లోతైన మోత. స్విచ్ ఆపి 12ఏఎక్స్7 పీకి మళ్లీ వేస్తే మోత పోయింది. కాబట్టి పెద్ద వాల్వుది కాదు, ముందుభాగానిదే. హీటరు తీగెలు రెండింటినీ పేని, ఛాసిస్ మూలకు తోసి, ఆ తీగెల నుంచి ఛాసిస్‌కు చెరొక 100 ఓముల రెసిస్టరు వేశాను. మోత స్పీకరుకు చెవి ఆనిస్తే తప్ప వినపడనంతగా తగ్గింది.

లోపం వెతకడమంటే ఇంతే. సెట్టును సగానికి విభజించి, లోపం ఏ సగంలో ఉందో తేల్చి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయడం. ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

ఆ సాయంత్రం ఏం జరిగింది?

ఇక అసలు సంగతికి వస్తాను. మన హాస్టల్లో బియ్యం బస్తాల గదిలో ఒక పాత వాల్వు రేడియో మూల పడి ఉండేది. నేను తొమ్మిదో తరగతిలో మొదటిసారి మూత విప్పి చూసింది దాన్నే. తరవాత తుక్కు కింద పోతుంటే అడిగి తెచ్చుకున్నాను. మన హాస్టల్ కోసం కట్టే ఆంప్లిఫయర్‌లో ఆ రేడియో సామాను కొంతైనా ఉండాలని నాకు ఆశ. దాని వాల్యూం నాబ్ పెట్టాను. అందులోంచే ఒక 0.02 కాగితం కండెన్సరు తీసి, 6వీ6 గ్రిడ్డుకు ముందు పెట్టాను. మీటరుతో చూస్తే విలువ సరిగ్గానే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటల నుంచి మైకు టెస్టింగు అని ఆంప్లిఫయర్ ఆన్‌లోనే ఉంది. తమ్ముడి వంతు వచ్చేసరికి చీకటి పడింది. మొదటి పాట బాగానే వాయించాడు. రెండో పాటలో శబ్దం నీరసించి గరగరమనసాగింది. వినపడటం లేదని నాబ్ తిప్పాడు. అందరూ చూసింది ఆ తిప్పడమే. కాసేపటికి వెనకవైపు 6వీ6 ప్లేటు ఎర్రగా కాలుతుండటం, వాసన రావడం గమనించి వాడే స్విచ్ ఆపేశాడు. ఈలలు పడింది అప్పుడే.

మర్నాడు సెట్టు షాపుకు తెచ్చి, కొలతలు రాసుకుంటూ కూర్చున్నాను. గిటారు తగిలించలేదు, వాల్యూం సున్నా మీదే పెట్టాను. మొదటి పది నిమిషాలు కాథోడ్ 19 వోల్టుల దగ్గరే ఉంది. గంటకు 22 అయింది. గంటన్నరకు 27. గ్రిడ్డు మీద సున్నా ఉండవలసిన చోట 12 వోల్టులు.

ఇప్పుడు మీరే లెక్క కట్టండి. 27ను 470తో భాగిస్తే 57 మిల్లీఆంపియర్లు. వాల్వు మీద సుమారు 300 వోల్టులు. గుణిస్తే 17 వాట్లు. స్క్రీను వాటా కొంత తీసేసినా, 12 వాట్ల ప్లేటుకు అది మోయలేని బరువు. ఎర్రబడక ఏం చేస్తుంది? వాల్యూం మాత్రం సున్నా మీదే ఉంది.

స్విచ్ ఆపి, కండెన్సర్లు ఖాళీ అయ్యాక, ఆ కాగితం కండెన్సరు ఒక కొస ఊడదీసి మళ్లీ వేశాను. గ్రిడ్డు సున్నా. కాథోడ్ 19. దొంగ దొరికాడు. గ్రిడ్డుకు కింద 220 కిలో ఓముల రెసిస్టరు ఉంది. దాని మీద 12 వోల్టులు నిలవాలంటే, డీసీని పూర్తిగా ఆపవలసిన ఆ కండెన్సరు సుమారు 28 లక్షల ఓముల రెసిస్టరులా కారుతోందన్నమాట. చల్లగా ఉంటే కారదు, వేడెక్కేకొద్దీ కారుతుంది. పాత కాగితం కండెన్సర్ల లక్షణమే అది. మీటరు కొద్ది వోల్టులతోనే పరీక్షిస్తుంది కాబట్టి పట్టుకోలేదు. తూము భాషలో చెప్పాలంటే, తలుపు నిలకడ ఎత్తునే ఎవరో పైకి లేపి వదిలేశారు. కాలువ కట్ట తెగింది.

మరి వాల్యూం పెంచడం వల్ల నష్టం జరగలేదా? జరగదు. ఈ రకం ఆంప్లిఫయర్‌లో వాల్వు సరఫరా నుంచి తీసుకునే శక్తి వాయించినా వాయించకపోయినా దాదాపు ఒక్కటే. వాయించనప్పుడు అదంతా ప్లేటు మీద వేడిగానే పోతుంది. గట్టిగా వాయిస్తే అందులో నాలుగైదు వాట్లు స్పీకరుకు వెళతాయి. ఆ మేరకు ప్లేటు వేడి తగ్గుతుంది. కాబట్టి తమ్ముడు వాల్యూం తిప్పింది రోగం మొదలయ్యాక, దాని లక్షణం చూసి. రోగానికి కారణం అది కాదు. పైగా సకాలంలో స్విచ్ ఆపి, అన్నిటికంటే ఖరీదైన రెండు ట్రాన్స్‌ఫార్మర్లనూ కాపాడింది వాడే. ఇంకో పది నిమిషాలు పరువు కోసం వాయించి ఉంటే అవి మిగిలేవి కావు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. సెట్టు కట్టిన రోజు నేను రాసుకున్న కొలతల కాగితం తీసి చూశాను. గ్రిడ్డు దగ్గర 0.8 అని నా చేతిరాతే ఉంది. "దాదాపు సున్నాయే కదా" అనుకున్నాను. సున్నా ఉండవలసిన చోట 0.8 ఉందంటే కండెన్సరు ఆ రోజే చెప్పింది, నేను వినలేదు. పైగా కొలతలన్నీ స్విచ్ వేసిన పది నిమిషాల్లోనే తీసి ముగించాను. రెండు గంటలు నడపవలసిన సెట్టును రెండు గంటలు నడిపి చూడాలి. మొత్తం సామానులో అతి చవకైన భాగం దగ్గర పొదుపు చేశాను, అదీ ప్రేమకొద్దీ. జ్ఞాపకానికి నాబ్ ఒక్కటి చాలు, కండెన్సరు కొత్తది ఉండాలి.

చివరిగా

ఆ చోట 630 వోల్టుల కొత్త ఫిల్మ్ కండెన్సరు వేశాను. నాలుగు గంటలు ఆపకుండా నడిపాను. కాథోడ్ 19 నుంచి కదల్లేదు. కొలతల పట్టీ రాసి ఛాసిస్ లోపల అతికించాను. రేపు ఎవరు విప్పినా ఏది ఎంత ఉండాలో తెలుస్తుంది. ఆ ఆంప్లిఫయర్‌ను ఈ వార్షికోత్సవం నాడు హాస్టల్‌కే అప్పగిస్తున్నాను. వార్డెన్ గారు ఒప్పుకున్నారు.

తమ్ముళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లు మొదటే దీని జోలికి రావద్దు. 386 అనే చిన్న ఐసీ దొరుకుతుంది. 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది, షాకు భయం లేదు. దానితో చిన్న ఆంప్లిఫయర్ కట్టండి. చెడగొట్టండి, బాగుచేయండి. మీటరు చదవడం, టంకం వేయడం చేతికి వచ్చాక సెలవుల్లో నా షాపుకు రండి. కలిసి వాల్వు సెట్టు కడదాం.

మన హాస్టల్లో ఏది పోయినా, ఏది పగిలినా ముందు ఎవరో ఒక పిల్లవాడి పేరు పైకి వస్తుంది. నేను చదివిన రోజుల్లోనూ అంతే. ఇకముందు ఒక పని చేద్దాం. "ఎవరు చెడగొట్టారు" అని అడిగే ముందు "ఏది చెడిపోయింది, ఎందుకు చెడిపోయింది" అని అడుగుదాం. రెండో ప్రశ్నకు జవాబు దొరికితే చాలాసార్లు మొదటి ప్రశ్న అవసరమే ఉండదు.

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతుంటే, తప్పు నాది. ఆ రోజు స్టేజీ మీదే చెప్పవలసింది, అప్పటికి నాకూ తెలియదు. తెలిశాక ఫోనులో నీ ఒక్కడికి చెప్పి ఊరుకుంటే చాలదనిపించింది. ఈలలు వేసినవాళ్లందరూ చదవాలనే ఇక్కడ రాస్తున్నాను. ఆ రెండో పాట సగంలో ఉంది. గిటారు తీసుకుని రా. ఈసారి వాల్యూం ఎంత పెట్టుకుంటావో నీ ఇష్టం.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న